తిరిగే ఇంట్లో ఉద్యోగం: ఇంటర్నెట్ సంగతేమిటి?

"స్టార్‌లింక్ పెట్టుకుంటే సరిపోతుంది కదా?" అమెరికాలో ఆర్‌వీ కొనాలనుకునే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళను ఎవరిని కదిపినా ఆ ఉపగ్రహ ఇంటర్నెట్ గురించి ముందుగా వచ్చే ప్రశ్న ఇది. సరిపోదు. బండిలో కూర్చుని వారాంతంలో సినిమా చూడటానికైతే ఏదో ఒకటి చాలు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగులో కనబడి, మధ్యాహ్నం కోడ్ పంపించి, రాత్రి హైదరాబాద్ టీమ్‌తో మాట్లాడాలంటే లెక్క మారిపోతుంది. ఆ లెక్కలో ఇంటర్నెట్ ఎంత ఉందో కరెంటూ అంతే ఉంది. వీసా కాగితాలు కూడా ఉన్నాయి. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు, రెండోది దారిలో దెబ్బ తిన్నాక తెలుస్తుంది, మూడోది చాలామందికి తట్టనే తట్టదు.

ఆర్‌వీ అంటే వంటగది, పడక, బాత్రూం అన్నీ ఉన్న బండి. మన షూటింగుల్లో కనబడే కారవాన్ కోవలోదే. కోవిడ్‌తో ఆఫీసులు మూతబడ్డాక అమెరికాలో వీటి గిరాకీ ఎంత పెరిగిందంటే, 2021 ఒక్క ఏడాదిలోనే తయారీదారులు 6 లక్షలకు పైగా ఆర్‌వీలను డీలర్లకు పంపారు. అంతకుముందు ఏ ఏడాదీ అన్ని పంపలేదు. ఎలాగూ ఇంటి నుంచే పని కదా, ఆ ఇల్లేదో కదిలేదైతే ఏం అనుకున్నవాళ్ళు బయల్దేరారు. ఆలోచన మంచిదే. ఏడాదికి రెండు వారాల సెలవులో యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, జయన్ అంటూ పరిగెత్తే కన్నా పని చేసుకుంటూ నెల రోజులు ఒక కొండ పక్కన ఉండటం ఎంతో మేలు. పిల్లలకు కూడా ఆ దేశం నిజంగా కనబడుతుంది. అందుకే ఈ పని పద్ధతిగా జరగాలని నా కోరిక.

ముందు మన పనికి నిజంగా ఎంత కావాలో చూద్దాం. ప్రకటనలన్నీ డౌన్‌లోడ్ వేగం చుట్టూ తిరుగుతాయి. ఉద్యోగికి కావలసింది అప్‌లోడ్, అందులోనూ తెగని అప్‌లోడ్. జూమ్‌లో ఇద్దరు మాట్లాడుకునే మామూలు వీడియోకు సెకనుకు 600 కిలోబిట్లు చాలు. 720 నాణ్యతకు 1.2 మెగాబిట్లు, వట్టి మాటకైతే 100 కిలోబిట్ల లోపే. ఇవి పెద్ద అంకెలు కావు. చిక్కల్లా ఆలస్యంతోనూ మధ్య మధ్య తెగడంతోనూ వస్తుంది. సినిమా అయితే ముందే కొంత దాచుకుని ఆడుతుంది కాబట్టి ఐదు సెకన్లు లైన్ పోయినా మనకు తెలియదు. మీటింగులో ఆ దాపు ఉండదు. ఐదు సెకన్లు పోతే మీ మాట సగంలో ఆగుతుంది, అవతలివాళ్ళు "కెన్ యూ హియర్ అస్?" అంటూ ఉంటారు. రోజుకు నాలుగు సార్లు ఇలా జరిగితే, వారం తిరిగేసరికి మీ పని మీద నమ్మకం తగ్గుతుంది. కాబట్టి ఏ కనెక్షన్ అయినా దాని వేగం కన్నా నిలకడను చూసి కొనాలి.

డేటా లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. వీడియో మీటింగు గంటకు సుమారు 1 జీబీ తింటుంది. రోజుకు నాలుగు గంటలు, నెలకు 20 పని దినాలు అనుకుంటే మీటింగులకే 80 జీబీ. దాని మీద ల్యాప్‌టాప్ అప్‌డేట్లు, కంటెయినర్ ఇమేజ్‌లు, సాయంత్రం పిల్లల యూట్యూబ్. ఇద్దరూ ఉద్యోగస్తులైతే రెట్టింపు.

మొదటి దారి సెల్ టవర్. అమెరికాలో సొంత నెట్‌వర్క్ దేశమంతా పరిచినవి మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. స్ప్రింట్ 2020 ఏప్రిల్‌లో టీ-మొబైల్‌లో కలిసిపోయింది. తక్కువ ధరకు అమ్మే చిన్న కంపెనీల్లో చాలావరకు ఈ మూడింటి టవర్లనే వాడుకుంటాయి. ఊళ్ళ మధ్య ఖాళీ ఎక్కువగా ఉండే పడమటి రాష్ట్రాల్లో మనల్ని కాపాడేవి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు. టీ-మొబైల్‌కు 600 మెగాహెర్ట్జ్, మిగతా రెండింటికి 700, 850 ఉన్నాయి. ఇవి దూరం పోతాయి, గోడలను కొంత దాటుతాయి, వేగం మాత్రం ఓ మోస్తరు. నగరాల్లో మనకు అలవాటైన మెరుపు వేగం 2.5, 3.7 గిగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న తరంగాలది. టవర్‌కు దూరం జరిగేకొద్దీ అది అందదు. డాలస్‌లో అద్భుతంగా పనిచేసిన ఫోను నెవాడాలో ఈలీ అనే ఊరు దాటాక మూగబోవడానికి కారణం ఇదే.

కంపెనీలు వేసే కవరేజీ మ్యాపులు ఎక్కువగా కంప్యూటర్ అంచనాలు. మ్యాపులో రంగు ఉంటే అక్కడ బహిరంగ ప్రదేశంలో సిగ్నల్ అందే అవకాశం ఉందని అర్థం, మీ బండి లోపల మీటింగు నడుస్తుందని కాదు. బండి లోపల అనే మాట ముఖ్యం. ఎయిర్‌స్ట్రీమ్ లాంటి అల్యూమినియం ఒంటి ట్రైలర్లు సిగ్నల్‌ను బయటే ఆపేస్తాయి. బయట కుర్చీలో కూర్చుంటే మూడు గీతలు, లోపల డెస్క్ దగ్గర సున్నా.

ఆ గీతలను కూడా నమ్మకూడదు. ఒక్కో ఫోను వాటిని ఒక్కోలా గీస్తుంది. ఆర్‌వీ కోసం చేసిన రూటరు కొంటే దాని పేజీలో అసలు అంకెలు కనబడతాయి, చదవడం పది నిమిషాల్లో వస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె సిగ్నల్ బలాన్ని చెబుతుంది: మైనస్ 80 దగ్గరుంటే హాయి, మైనస్ 110 దాటితే కష్టం, మైనస్ 120 అంటే ఇంకో చోటు వెతుక్కోవడమే. ఎస్‌ఐఎన్‌ఆర్ అనేది రొద మధ్యలో సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెబుతుంది: 20 ఉంటే బాగు, సున్నాకు దిగితే ఎన్ని గీతలున్నా ఫలితం లేదు. చోటు ఖాయం చేసుకునే ముందు ఈ రెండు అంకెలు చూసి, బండిని నాలుగు అడుగులు అటూ ఇటూ జరిపి మళ్ళీ చూడండి. ఒక గుట్ట చాటు నుంచి పక్కకు జరిగినంత మాత్రాన మైనస్ 114 కాస్తా మైనస్ 101 అయ్యే చోట్లు చాలా ఉంటాయి. ఆ తేడాతోనే మీటింగు నిలబడుతుంది. లెవెలింగ్ జాకులు దించి, నీళ్ళ గొట్టం తగిలించాక ఈ పని చేయబోతే ఎవరికీ ఓపిక ఉండదు.

సిగ్నల్ బూస్టరు గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఎక్కువమందికి అది అనవసరం. కదిలే బండిలో వాడే బూస్టరు 50 డెసిబెల్స్ మించి పెంచకూడదని అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధన. అంతకన్నా ముఖ్యమైన అడ్డంకి ఇంకొకటి. ఇప్పటి ఫోన్లూ రూటర్లూ ఒకేసారి రెండు, నాలుగు యాంటెనాలతో వేర్వేరు ధారలుగా డేటా తీసుకుని వేగం సాధిస్తాయి. బూస్టరు సాధారణంగా ఒక్క ధారనే పెంచుతుంది. దాంతో గీతలు పెరుగుతాయి, వేగం తగ్గుతుంది. ఏమాత్రం అందని చోట ఒక ఫోన్ కాల్ నిలబెట్టుకోవడానికి అది పనికొస్తుంది. అదే డబ్బు పెట్టి పైకప్పు మీద నాలుగు ధారల యాంటెనా బిగించి నేరుగా రూటరుకు కలిపితే దాదాపు ప్రతి చోటా ఎక్కువ మేలు.

సిగ్నల్ నిండుగా ఉండి కూడా డేటా కదలని చోట్లు ఇంకో రకం. ఆరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అని చిన్న ఎడారి ఊరుంది. జనవరిలో చలి తప్పించుకోవడానికి దేశం నలుమూలల నుంచి ఆర్‌వీలు అక్కడికి చేరి చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో విడిది చేస్తాయి. చిన్న ఊరి కోసం పెట్టిన టవర్ల మీద ఒక నగరం వచ్చి కూర్చుంటుంది. యాంటెనా ఎంత పెద్దదైనా అక్కడ చేసేదేమీ లేదు. ఆ సమయంలో మీ ప్లాను ఏ తరగతిదో బయటపడుతుంది. రద్దీ పెరగగానే చవక ప్లానుల వాళ్ళను వెనక్కి నెట్టి ఖరీదైన ప్లానుల వాళ్ళకు ముందు దారి ఇస్తారు. "అన్‌లిమిటెడ్" అనే మాట సాధారణంగా ఫోనులో వాడే డేటాకే వర్తిస్తుంది, హాట్‌స్పాట్‌కు వేరే పరిమితి ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. ఒప్పందంలో హాట్‌స్పాట్ ఎన్ని జీబీలు, రద్దీలో మన వరుస ఎక్కడ అనే రెండు సంగతులు తెలుసుకుంటే చాలు. ఇంటి చిరునామాకు కట్టిన హోమ్ ఇంటర్నెట్ పెట్టెను బండిలో వేసుకుని తిరిగేవాళ్ళూ ఉన్నారు. కొన్నాళ్ళు నడవచ్చు, కంపెనీ గమనించిన రోజు ఆగిపోతుంది. ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంటే ఆ పని చేయొద్దు.

క్యాంప్‌గ్రౌండ్ వైఫై గురించి ఎక్కువ చెప్పను. ఒకే ట్యాంకు నుంచి అపార్ట్‌మెంటు మొత్తానికి నీళ్ళు పోసినట్టు, ఒక్క లైను వందల బండ్లకు పంచుతారు. పొద్దున పదింటికి బాగుంటుంది. రాత్రి అందరూ సినిమాలు పెట్టాక చుక్క రాదు. మనవాళ్ళకు దీనితో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇండియాలో టీమ్ ఉంటే వాళ్ళ పొద్దున్నే మన రాత్రి. హైదరాబాద్‌లో ఎనిమిదిన్నరకు కూర్చునే మీటింగు చలికాలంలో ఆరిజోనా, కొలరాడోల్లో రాత్రి ఎనిమిది గంటలకు పడుతుంది. సరిగ్గా క్యాంప్‌గ్రౌండ్ వైఫై కుప్పకూలే వేళ. పైగా కొన్ని కంపెనీలు పబ్లిక్ వైఫై మీద ఆఫీసు పని వద్దని రాసే ఉంచుతాయి. కాబట్టి దాన్ని ఫోన్ల అప్‌డేట్లకు వాడుకుని వదిలేయండి.

ఇక ఆకాశం. ఉపగ్రహ ఇంటర్నెట్ కొత్తది కాదు. హ్యూస్‌నెట్, వయాశాట్ లాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయి. అవి వాడే ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట అక్కడికి వెళ్ళి దిగి, జవాబు మళ్ళీ వెళ్ళి దిగేసరికి అర సెకను దాటుతుంది. అంత ఆలస్యంలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగుతారు, వీపీఎన్ నత్తనడక నడుస్తుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆలస్యం సెకనులో వందో వంతుల్లోకి దిగింది. 2022 మేలో ఆర్‌వీల కోసమని నెలకు 135 డాలర్ల ప్లాను తెచ్చినప్పుడు ఎడారుల్లో, పచ్చిక మైదానాల్లో ఆఫీసు పని మొదటిసారి సాధ్యమైంది. నెవాడాలో, తూర్పు ఓరెగాన్‌లో, టవర్ ఊసే లేని ప్రభుత్వ భూమిలో డిష్ కింద పెట్టి వీడియో మీటింగు చేసుకోవడం అంతకుముందు ఊహకు అందనిది. 2024లో వచ్చిన మినీ డిష్ కిలో చిల్లర బరువుంటుంది, బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది. ప్లానుల పేర్లూ ధరలూ పలుమార్లు మారాయి, కొనే రోజున చూసుకోవాలి.

దానికి శత్రువు చెట్టు. ఉపగ్రహాలు కదులుతూనే ఉంటాయి, డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉంటుంది. ఆ దారిలో ఒక్క పైన్ కొమ్మ అడ్డమున్నా ప్రతిసారీ కొన్ని సెకన్లు తెగుతుంది. అమెరికాలో డిష్‌కు ముఖ్యంగా ఉత్తరం వైపు ఆకాశం తెరిచి ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ ద్వీపకల్పంలోనో, స్మోకీ మౌంటెన్స్‌లోనో నీడ కోసం మంచి చెట్టు కింద ఆపితే పేరుకు కనెక్షన్ ఉంటుంది, మీటింగు ఉండదు. డిష్‌ను పైకప్పుకు శాశ్వతంగా బిగించిన వాళ్ళకు ఇక్కడ వేరే దారి లేదు. పొడుగు కేబుల్‌తో దూరంగా వెలుతురున్న చోట పెట్టుకోగలిగితే బతికిపోతారు. గట్టి వానలోనూ లైను కాసేపు పోతుంది.

ఈ రెండు దారుల్లో ఏది మంచిది అని అడగడం దగ్గరే చాలామంది పొరపడుతున్నారని నాకనిపిస్తుంది. ఏదైనా ఒక రోజు పోతుంది. 2024 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ వైర్‌లెస్ దేశమంతటా 12 గంటలకు పైగా దెబ్బ తింది. 2025 జులై 24న స్టార్‌లింక్ ప్రపంచమంతటా సుమారు రెండున్నర గంటలు ఆగిపోయింది. వేర్వేరు కారణాలతో పోయే రెండు కనెక్షన్లు ఉండాలి, అసలు సూత్రం ఇదీ. రెండు కంపెనీల సిమ్‌లు కొన్నామని నిశ్చింతగా ఉండేవాళ్ళు గుర్తించాల్సింది ఒకటుంది: చిన్న ఊళ్ళలో ఆ రెండు కంపెనీల పరికరాలూ ఒకే స్తంభం మీద, ఒకే ఫైబర్ మీద ఆధారపడి ఉండవచ్చు. ఎక్కడో రోడ్డు పనిలో ఆ తీగ తెగితే రెండూ పోతాయి. టవర్ ఒకటి, ఉపగ్రహం ఒకటి ఉంటే ఆ ప్రమాదం తక్కువ. చెట్లున్న చోట టవర్ ఆదుకుంటుంది, టవర్ లేని చోట సాధారణంగా ఆకాశం తెరిచే ఉంటుంది.

రెండూ ఉన్నాక వాటిని కలిపే రూటరు సంగతి. ఒకటి పోయినప్పుడు రెండోదానికి మారే రూటర్లు చవకే, కానీ ఆ మార్పులో ఐపీ చిరునామా మారిపోయి వీపీఎన్ తెగుతుంది, మీటింగు మళ్ళీ కలపాలి. రెండింటినీ ఒకే సొరంగంగా కట్టేవి, అంటే పెప్‌లింక్ స్పీడ్‌ఫ్యూజన్, స్పీడిఫై లాంటివి, ఒక దారి పోయినా మీటింగును తెగనివ్వవు. వాటికి నెల ఖర్చూ, కొంత ఆలస్యమూ ఉంటాయి. రోజూ క్లయింట్లతో మాట్లాడేవాళ్ళకు ఆ ఖర్చు న్యాయమే. కోడ్ రాసుకునేవాళ్ళకు మామూలు రూటరు చాలు. ముఖ్యమైన మీటింగులో కంప్యూటర్‌లో స్క్రీన్ మాత్రం ఉంచి, మాటకు ఫోన్ నంబరుతో విడిగా డయల్ చేసుకుంటే సగం బాధ పోతుంది.

ఇక కరెంటు. హుకప్, అంటే బండికి కరెంటు తగిలించుకునే ఏర్పాటు, ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఇది సమస్య కాదు. ప్రభుత్వ భూముల్లో ఉచితంగా 14 రోజుల దాకా ఉండనిచ్చే చోట్ల ఇదే అసలు సమస్య. స్టార్‌లింక్ మామూలు డిష్ 75 నుంచి 100 వాట్లు తీసుకుంటుంది. పది గంటల పని దినానికి తక్కువలో తక్కువ 750 వాట్-అవర్లు. ల్యాప్‌టాప్ 50 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 400. మానిటరు 200. రూటరుకు 150. మొత్తం 1,500. ఇన్వర్టరు నష్టం పదోవంతు కలిపితే ఇంకా ఎక్కువ. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు ఉండేది 1,280 మాత్రమే. అంటే ఫ్రిజ్, దీపాలు, నీళ్ళ మోటారు లెక్కేయకుండానే సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. బండితో పాటు వచ్చే పాత రకం లెడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి. మినీ డిష్ 25 నుంచి 40 వాట్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఎడారిలో ఉండేవాళ్ళకు నేను అదే చెబుతాను. వేగం కొంత తగ్గినా రోజుకు ఐదు వందల వాట్-అవర్లు మిగులుతాయి. రెండు లిథియం బ్యాటరీలు, 400 వాట్ల సోలార్ ప్యానెళ్ళు, మినీ డిష్ ఉంటే ఎండాకాలం హాయిగా గడుస్తుంది. డిసెంబరులో ఎండ వాలిపోయాక జనరేటరు తప్పదు. నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో దానికి వేళలు రాసి పెడతారు, హైదరాబాద్ కాల్ వేళకు అది ఆపేయాల్సి రావచ్చు.

కొన్ని చోట్లు ముందే వదులుకోవాలి. వెస్ట్ వర్జీనియాలో గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు చుట్టూ 1958 నుంచి 13,000 చదరపు మైళ్ళ మేర రేడియో నిశ్శబ్ద మండలం ఉంది, దాని నడిబొడ్డున సెల్ సిగ్నల్ ఆశించకూడదు. యెల్లోస్టోన్, బిగ్ బెండ్, డెత్ వ్యాలీల్లో ఎక్కువ భాగం అంతే. మీటింగులు తక్కువున్న వారాన్నో, సెలవునో ఆ చోట్లకు కేటాయించండి. బండి నడపడం శని, ఆదివారాల్లో పెట్టుకుని, ఆదివారం సాయంత్రానికి సోమవారం పని చేయబోయే చోట కనెక్షన్ సరిచూసుకునేవాళ్ళు ఈ జీవితంలో ఎక్కువ కాలం నిలుస్తున్నారు.

ఇప్పుడు తట్టని సంగతికి వద్దాం. మనవాళ్ళలో చాలామంది హెచ్1బీ మీద ఉన్నారు. ఆ వీసా ఉద్యోగానికే కాక పనిచేసే చోటుకు కూడా ముడిపడి ఉంటుంది. కంపెనీ కార్మిక శాఖకు పెట్టే ఎల్‌సీఏ అనే దరఖాస్తులో పని ప్రదేశం రాస్తారు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ తీర్పు ప్రకారం ఆ మెట్రో ప్రాంతం దాటి పని ప్రదేశం మారితే కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. తాత్కాలికంగా ఏడాదికి 30 పని దినాలు, కొన్ని షరతులతో 60 దాకా మినహాయింపు ఉంది. దాని షరతులూ చిన్నవి కావు. కంపెనీ పని మీద పంపిన ప్రయాణాలకూ మన సరదా ప్రయాణాలకూ అది ఒకేలా వర్తిస్తుందని అనుకోకండి. డాలస్ చిరునామాతో ఎల్‌సీఏ ఉండి, మూడు నెలలు యూటాలో, ఆరిజోనాలో బండిలోంచి పనిచేస్తే స్టార్‌లింక్ ఎంత బాగా నడిచినా కాగితాల్లో మీరు తప్పు చోట ఉన్నట్టే. ఆ సంగతి గ్రీన్ కార్డు దశలో బయటపడితే నష్టం చిన్నది కాదు. పౌరులు కానివాళ్ళు చిరునామా మారితే 10 రోజుల్లో తెలియజేయాలన్న నిబంధన కూడా ఉంది.

పన్ను సంగతి పౌరులకూ తప్పదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు అక్కడ కూర్చుని చేసిన పనికి వచ్చిన జీతం మీద పన్ను అడుగుతాయి, మీ ఇల్లు టెక్సస్‌లో ఉన్నా సరే. అలాస్కాకు బండిలో పోవాలంటే కెనడా దాటాలి. అక్కడ కూర్చుని కంపెనీ ల్యాప్‌టాప్ తెరవవచ్చా లేదా అన్నది కంపెనీ చెప్పాలి. ల్యాప్‌టాప్ ఎక్కడి నుంచి కలుస్తున్నదీ ఐటీ విభాగానికి కనబడుతూనే ఉంటుంది. చెప్పకుండా వెళ్ళినవాళ్ళకు ఆ ఒక్క లాగ్ చాలు.

నా తీర్పు ఇది. హుకప్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్లలో, ఊళ్ళకు దగ్గరగా ఉండేవాళ్ళకు పైకప్పు యాంటెనాతో మంచి సెల్ రూటరు ముఖ్యం, మినీ డిష్ తోడు. ఎడారుల్లో, అడవుల అంచుల్లో ఉండేవాళ్ళకు స్టార్‌లింక్ ముఖ్యం, సెల్ తోడు, డబ్బు ముందు బ్యాటరీల మీద పెట్టాలి. హెచ్1బీ వాళ్ళు ఇవేవీ కొనే ముందు కంపెనీ హెచ్‌ఆర్‌కు రాసి, ఇమిగ్రేషన్ లాయరుతో గంట మాట్లాడాలి. ఆ జవాబు రాతపూర్వకంగా చేతికొచ్చాక, అందులో అనుమతించిన ప్రాంతంలోనే ఒక వారం పాటు ఆర్‌వీ అద్దెకు తీసుకోండి. శని, ఆదివారాల్లో కాదు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. మీ మామూలు మీటింగులన్నీ, రాత్రి హైదరాబాద్ కాల్‌తో సహా, ఆ బండిలోంచే చేసి చూడండి. ఆ తరువాత కొనండి.